మాల్దీవుల సర్కారీ బడుల్లో ఇంగ్లీషు టీచర్: వెళ్లే ముందు ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతులు

మాల్దీవుల్లో టీచర్ ఉద్యోగం అనగానే మన ఇళ్లల్లో రెండు మాటలు వినిపిస్తాయి. "ముస్లిం దేశమే కదా, ఫికర్ లేదు" అన్నది ఒకటి. "జీతం డాలర్ల లెక్క" అన్నది రెండోది. మొదటి మాట చాలావరకు నిజమే. రెండోది మాత్రం సగమే నిజం. అప్పు చేసి వెళ్లిన వాళ్లు ఇబ్బంది పడేది అక్కడే.

ముందు దేశం సంగతి. హిందూ మహాసముద్రంలో సుమారు 1,200 చిన్న దీవులు, వాటిలో జనం ఉండేవి 200 లోపే. రాజధాని మాలే. తిరువనంతపురం నుంచి విమానంలో 600 కిలోమీటర్లు దాటితే వచ్చేస్తుంది. జనం ఉండే దాదాపు ప్రతి దీవిలోనూ ప్రభుత్వ బడి ఉంటుంది. చదువు ఇంగ్లీషు మీడియం. ఇస్లాం, దివేహి పాఠాలను మాత్రం అక్కడి టీచర్లే దివేహి భాషలో చెప్తారు. మిగతా సబ్జెక్టులకు సొంత టీచర్లు చాలక ఏళ్ల తరబడి మన దేశం నుంచి తీసుకుంటున్నారు. వెళ్లిన వాళ్లలో మలయాళీలు, తమిళులు ఎక్కువ. మన ఆంధ్ర, తెలంగాణ వాళ్లూ ఉన్నారు.

ఇంగ్లీషు టీచర్‌కి సాధారణంగా డిగ్రీ, బీఈడీ అడుగుతారు. పై తరగతులకైతే డిగ్రీలో ఇంగ్లీషు ప్రధాన సబ్జెక్టుగా ఉండాలంటారు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా మీరు మాట్లాడే తీరునే ఎక్కువ చూస్తారు. పదో తరగతి పిల్లలు కేంబ్రిడ్జ్ పరీక్షలు రాస్తారు కాబట్టి సీనియర్ క్లాసులు తీసుకునే టీచర్ మీద రిజల్టు ఒత్తిడి గట్టిగానే ఉంటుంది. మన స్టేట్ సిలబస్‌లో గైడు చూసి జవాబు బట్టీ పట్టించే అలవాటు అక్కడ నడవదు. పిల్లవాడు తన సొంత వాక్యాలతో వ్యాసం రాయాలి. పిల్లలు ఇంట్లో మాట్లాడేది దివేహి. దాని లిపి తానా, ఉర్దూలాగే కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఉర్దూ చదువుకున్న వాళ్లు చూడగానే చదివేయగలం అనుకుంటారు గానీ, అక్షరాలు వేరు.

ఇక డబ్బు. జీతం సాధారణంగా రుఫియాల్లో ఇస్తారు. అధికారిక లెక్కలో ఒక డాలర్‌కి 15.42 రుఫియాలు. ఆఫర్ లెటర్‌లో అంకె చూసి, దాన్ని డాలర్లలోకి, తర్వాత మన రూపాయల్లోకి మార్చుకుని సంతోషపడతాం. కానీ ఆ దేశంలో డాలర్లకు కొరత ఉంది. బియ్యం, ఉల్లిపాయల నుంచి పెట్రోలు దాకా బయట నుంచే తెప్పించుకునే దేశం మరి. అందుకని విదేశీ ఉద్యోగి నెలకు ఎంత డాలర్ పంపుకోవచ్చు అన్నదానికి బ్యాంకులు పరిమితి పెడుతున్నాయి. మాలేలో 1974 నుంచి ఉన్న మన స్టేట్ బ్యాంక్ బ్రాంచి కూడా ఇందుకు మినహాయింపు కాదు.

ఒక లెక్క వేసి చూద్దాం. జీతం 12,000 రుఫియాలు అనుకోండి, అంటే కాగితం మీద సుమారు 778 డాలర్లు. బ్యాంకు నెలకు 400 డాలర్లే పంపనిస్తే, మిగతా 378 డాలర్ల విలువ అక్కడే రుఫియాల్లో ఉండిపోతుంది. తిండి, ఫోను ఖర్చులు పోగా మిగిలిన దాన్ని బయట మార్చుకుందామంటే డాలర్ రేటు 15.42 కన్నా పైనే పలుకుతుంది, అంటే మన కష్టార్జితంలో కోత. ఎవరో హుండీ మీద పంపిస్తామంటే ఒప్పుకోవద్దు. అది మన చట్టానికి విరుద్ధం, డబ్బు మునిగితే అడిగే దారి కూడా ఉండదు. కాబట్టి చెల్లి పెళ్లి, ఇంటి ఈఎంఐ లాంటివి జీతం అంకె మీద కాకుండా, నెలనెలా ఇంటికి నిజంగా చేరే మొత్తం మీద లెక్కేయండి. ఈ నెల పరిమితి ఎంతో ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న టీచర్‌నే అడగాలి, ఏజెంట్‌ని కాదు.

ఏజెంట్ మాట వచ్చింది గనుక. మన దేశంలో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన 18 దేశాల జాబితాలో మాల్దీవులు లేవు. ఇది సౌకర్యమే గానీ ఒక లోటు కూడా. సౌదీకో కువైట్‌కో వెళ్లే కూలీ కాంట్రాక్టును చూసినట్టు, మీ కాంట్రాక్టును ఇక్కడి ఏ ఆఫీసూ చూడదు. చదువుకోవాల్సింది మీరే. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోదగిన ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఈమైగ్రేట్ సైట్‌లో ఏజెంట్ లైసెన్స్ చూసుకోవచ్చు. లక్షన్నర అడిగేవాడు లైసెన్స్ చూపించినా వదిలేయండి.

"ముందు టూరిస్టుగా దిగు, వీసా తర్వాత మారుస్తాం" అంటారు కొందరు. మాలేలో దిగగానే దొరికే టూరిస్ట్ వీసా మీద పని చేయకూడదు. ఉద్యోగ అనుమతి కాగితం చేతికి వచ్చాకే టికెట్ కొనాలి. డిగ్రీలను అక్కడి క్వాలిఫికేషన్స్ అథారిటీ పరిశీలిస్తుంది కాబట్టి సర్టిఫికెట్లకు ఇక్కడే రాష్ట్ర స్థాయిలోనూ, తర్వాత విదేశాంగ శాఖలోనూ అటెస్టేషన్ చేయించుకోవాలి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా ద్వారా వస్తుంది. వీటికి వారాలు పడుతుంది, ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగొద్దు.

ఏ దీవి అన్నది జీతమంత ముఖ్యం. దక్షిణాన అడ్డూ మాలేకి 500 కిలోమీటర్ల పైనే ఉంటుంది. కొన్ని దీవులకు పడవే గతి, వానాకాలంలో సముద్రం పొంగితే అదీ ఆగిపోతుంది. ఇల్లు బడి ఇస్తుందా, అద్దె అలవెన్సు ఇస్తారా, ఆసుపత్రి ఎంత దూరం, ఇవన్నీ రాతలో తీసుకోవాలి. గర్భిణికైనా, షుగర్ ఉన్న వాళ్లకైనా ఇది చిన్న విషయం కాదు.

అమ్మాయిని ఒంటరిగా పంపడమా అని అమ్మీ, అబ్బా ఆలోచించడం సహజం. శుక్ర, శనివారాలు సెలవు, ప్రతి ఊళ్లో మసీదు ఉంటుంది, హలాల్ గురించి వెతుక్కోనక్కర్లేదు. చాలా దీవుల్లో ఈ చివర నుంచి ఆ చివరకు అరగంటలో నడిచేయొచ్చు, ఊరంతా టీచర్‌ని గుర్తుపడుతుంది. నాకైతే భద్రత కన్నా ఒంటరితనమే పెద్ద సమస్య అనిపిస్తుంది. తెలుగు మాట వినిపించని చోట, రోజూ ట్యూనా చేప, కొబ్బరి, రోషి అనే రొట్టె. కొందరికి మూడో నెలలోనే మనసు ఇంటి మీదికి పోతుంది. మధ్యలో మానేసి వస్తే ఎన్ని రోజుల నోటీసు, తిరుగు టికెట్ ఎవరిది, జరిమానా ఉందా అన్న క్లాజులు సంతకం చేయకముందే చదవాలి. కాంట్రాక్టు, పాస్‌పోర్ట్ నకళ్లు ఇంట్లో ఒక సెట్ పెట్టి, మాలేలోని భారత హై కమిషన్ ఫోన్ నంబరు అబ్బా ఫోన్‌లో కూడా సేవ్ చేసి వెళ్లండి.