ఈ పక్షులు ఎక్కడి నుంచి వచ్చాయి?

సంక్రాంతి ముందు చలి. మీరు చెన్నై హైవే మీద దొరవారిసత్రంలో దిగి నేలపట్టు పక్షుల కేంద్రం దారి పట్టారు. చెరువు ఇంకా కనబడలేదు గానీ గోల వినబడుతోంది. కట్ట ఎక్కగానే సగం నీళ్లలో మునిగిన కడప చెట్లు, కొమ్మకొమ్మకూ గూళ్లు, గూడు గూడుకూ గూడబాతులు. రెట్టల వాసన గుప్పున తగులుతుంది. ఆ రెట్టలు కలిసిన నీళ్లు పైరుకు బలమని ఇక్కడి రైతుల నమ్మకం. ఊరికీ పక్షులకూ పొత్తు కుదరడానికి అదొక కారణం.

మీ పక్కన ఒక తండ్రి ఫోన్‌లో చూసి కూతురికి చదివి వినిపిస్తున్నాడు: "సైబీరియా నుంచి వచ్చాయంటమ్మా ఇవి!" పాప కళ్లింతలు చేసుకుని చూస్తోంది.

బైనాక్యులర్స్ ఎత్తండి. బూడిద రంగు కలిసిన తెలుపు ఒళ్లు, పై ముక్కు అంచు వెంట వరసగా చుక్కలు. ఇది చుక్కల ముక్కు గూడబాతు, దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లోనే పుట్టి పెరిగే పక్షి. దానికి సైబీరియాతో సంబంధం లేదు. ఆ సైబీరియా మాట ఒక పర్యాటక పేజీ నుంచి ఇంకో పేజీకి ఎక్కి ఊరంతా పాకింది. ఆ తండ్రి చదివిన పేజీ మీరూ తెరిచి చూడండి: ఎవరు చూశారో లేదు, ఎప్పుడు చూశారో లేదు. 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన నేలపట్టును ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉంచింది.

ఇప్పుడు అదే ఫోన్‌లో ఈబర్డ్ తెరవండి. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన పక్షి పరిశీలనల సైట్ ఇది. నేలపట్టు అని వెతికితే జాబితాలు వరసగా వస్తాయి. తేదీ, గంట, ఎంతసేపు నిలబడి చూశారు, ఏ పక్షి ఎన్ని, చూసినవారి పేరు, అన్నీ ఉంటాయి. అక్కడ మామూలుగా కనబడని పక్షిని ఎవరైనా రాస్తే, ఆ ప్రాంతం ఎరిగిన స్వచ్ఛంద పరిశీలకులు ఫొటో ఉందా, ఎలా పోల్చారు అని అడుగుతారు. నమ్మకం ఆ ప్రశ్న దగ్గరే పుడుతుంది. మన దేశంలో 942 జాతుల స్థితిగతులు చెప్పిన 2023 నివేదికకు ఆధారం ఇలాంటి జాబితాలే. వాటిని రాసింది సుమారు 30,000 మంది మామూలు మనుషులు.

వెనక పొలంలో తీతువు అరిచింది. మెర్లిన్ యాప్ ఆ గొంతు విని పేరు చెబుతుంది. చెప్పనివ్వండి, కానీ కంటితో చూశాకే రాసుకోండి. ఇన్ని గొంతులు కలిసిన చోట యంత్రం చెప్పేది ఊహే. గొంతులు నేర్చుకోవాలంటే ఇంటి దగ్గర జెనో-కాంటో సైట్‌లో పక్షి కూతలు వినండి, ప్రతి రికార్డింగుకూ చోటు, తేదీ ఉంటాయి. గూళ్ల దగ్గర మాత్రం ఫోన్‌లో పక్షి కూతలు మోగించొద్దు.

మధ్యాహ్నం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దారిలో ఉన్నారు. రోడ్డుకు రెండు వైపులా పులికాట్ సరస్సు. దూరంగా గులాబీ గీతలా ఫ్లెమింగోలు, తలకిందులుగా ముక్కు ముంచి నీళ్లు వడగడుతున్నాయి. గులాబీ ముక్కుకు చివర మాత్రమే నలుపుంటే పెద్ద ఫ్లెమింగో, ముక్కంతా ముదురు రంగైతే చిన్నది. మన దేశంలో వీటి గూళ్లకు పేరుపడ్డ చోటు కచ్ రణ్. ఇటువైపు తేలుతున్న సూదితోక బాతులు మాత్రం నిజంగానే ఉత్తరాసియా నుంచి వచ్చినవి. ఆ తండ్రి చదివిన మాట వీటికైతే సరిపోయేది.

ఈ నేల పక్షుల గురించి ముందుగా శ్రద్ధగా రాసినవాళ్లలో టి.సి. జెర్డాన్ ఒకరు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్. అడవీ నీరూ ఎరిగిన యానాదుల దగ్గర ఆయన నేర్చుకున్నాడు. 1862-64 మధ్య వచ్చిన ఆయన గ్రంథం 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో పక్షుల తెలుగు పేర్లూ ఉన్నాయి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్‌లో దాన్ని ఉచితంగా పేజీ పేజీ తిప్పి చదవొచ్చు. యానాదుల ఎరుక పుస్తకంలోకి ఎక్కి ఇవాళ మీ చేతికి అందడం నాకు చాలా పెద్ద విషయం. హైదరాబాద్ నుంచి ఆశిష్ పిట్టీ సంపాదకత్వంలో నడిచిన 'ఇండియన్ బర్డ్స్' పత్రిక సంచికలూ ఉచితమే. జాతులు పోల్చడం కుదిరాక ఇక దాంట్లోకి దిగండి.

ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల్ని లెక్కపెడుతుంది, 2013 నుంచి మన దేశమూ అందులో ఉంది. కనీసం పదిహేను నిమిషాలు చూస్తే చాలు. ఈసారి మీ ఊరి చెరువు గట్టున నిలబడండి. చూసిందే రాయండి, పోల్చలేనిదాన్ని వదిలేయండి, ఈబర్డ్‌లో పెట్టండి. రేపు ఇంకో పాప అడిగితే, వాళ్ల నాన్న ఫోన్‌లో మీరు రాసింది దొరకాలి.