కల్లు కల్తీ – చెట్టు హక్కు

మన సాహిత్యంలో తాగుబోతు ఉన్నాడు. తాగుడు మాన్పించే సంస్కర్త ఉన్నాడు. తాగుబోతు భార్య కన్నీళ్లకు కొదవే లేదు. చెట్టెక్కి కల్లు దించేవాడు మాత్రం బహు అరుదుగా కనిపిస్తాడు. ఇది యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. సరుకును చూసి, దాని వెనకనున్న శ్రమను చూడలేని దృష్టి ఇది. కల్లు చరిత్రను గీత కార్మికుడి వైపు నుంచి చదివితే, కల్తీ అనేది నీతి సమస్యగా కాక చెట్టు మీద హక్కు సమస్యగా కనిపిస్తుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

నాది కారంపూడి. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఇక్కడ పల్నాటి వీరులకు ఆరాధన జరుగుతుంది. మూడోనాడు మందపోరు, ఆనాడే చాపకూడు. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టిన బ్రహ్మనాయుణ్ణి తలచుకోవడం చిన్న విషయమేమీ కాదు. అయితే చాప మీద ఎవరు కూర్చున్నారో చెప్పే వీరగాథకు ఆ కూడు ఎవరి రెక్కల కష్టమో పట్టదు. తెలంగాణలో జానపదులు కీర్తించిన సర్వాయి పాపడు గీత కులంవాడే. 1710లో మొగలు సేనల చేతిలో హతమయ్యాడు. అతని గాథను బాయిల్ అనే ఆంగ్లేయుడు 1874లోనే అచ్చు వేయించాడు. కానీ ఆ పాపడు కూడా కులవృత్తిని కాదని కత్తి పట్టాకే కథానాయకుడయ్యాడు. చెట్టు మీద ఉన్నంతకాలం కథ లేదు!

ఆ చెట్టు మీద జరిగే పని ఏమిటో చూద్దాం. తాడిచెట్టు గీతకు రావడానికి పది పదిహేనేళ్లు దాటుతుంది. పోతుతాడైనా పండుతాడైనా గెల వేసే కాలంలో గీతగాడు మోకు వేసుకుని ఎక్కి, గెలను నొక్కి మెత్తబరచి, కొనను పలచగా చెక్కి లొట్టి కడతాడు. మళ్లీ మళ్లీ ఎక్కి చెక్కకపోతే గాయం మానిపోయి ధార ఆగిపోతుంది. లొట్టిలో పడిన రసానికి ఎవరూ తోడు వెయ్యరు. గాలిలోనూ లొట్టి గోడల్లోనూ ఉన్న ఈస్టే పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో నూటికి నాలుగైదు పాళ్ల ఆల్కహాలు తయారవుతుంది. మర్నాటికి పులుపెక్కి, ఆపైన పుల్లనీళ్లవుతుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే పులియదు. ఆ తీపి రసం కాచి బెల్లం చేస్తారు. గమనించవలసింది ఏమంటే, కల్లు నిలవ ఉండదు. మంచి ధర వచ్చేదాకా ఆగే వీలు గీతగాడికి ఎన్నడూ లేదు.

ఐరోపాలో ఇప్పుడు సహజమైన వైను అని ఖరీదుగా అమ్మేది దాదాపు ఈ పద్ధతిలో పులిసినదే. ద్రాక్షతొక్క మీద, వైను కొట్టులో ఉండే ఈస్టుతో పులియనివ్వడం, పైనుంచి ఏమీ కలపకపోవడం. జర్మనీలో మోజెల్ నది ఒడ్డున, పలకరాతి నిట్టవాలుల మీద రీస్లింగ్ ద్రాక్ష పండించే రైతుల్లో కొందరు ఈ దారి పట్టారు. వైను ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది కదా, ఆ రైతుకు మన గీతగాడి ఇబ్బంది ఉండదనుకుంటాం. చరిత్ర అలా లేదు. 1815లో ఆ లోయ ప్రష్యా కిందికి వచ్చింది. 1834లో సుంకాల సమాఖ్య ఏర్పడగానే దక్షిణ జర్మనీ వైను పోటీకి దిగింది, ధర పడిపోయింది. అప్పులపాలైన సన్నకారు రైతుకు పీపాలో వైను ఉన్నా ఆగే శక్తి లేదు. 1843 జనవరిలో వాళ్ల దుస్థితి గురించి ఒక పత్రికలో వరసగా రాసిన యువ సంపాదకుడు కార్ల్ మార్క్స్. పుట్టింది ఆ లోయలోని ట్రియర్‌లోనే. తండ్రికి కాస్త ద్రాక్షతోట కూడా ఉండేది. అంతకు కొన్ని నెలల ముందు అడవిలో పుల్లలేరుకోవడాన్ని దొంగతనమనే చట్టం మీద రాశాడు. ఆర్థిక ప్రశ్నల వైపు తనను మొదట నెట్టినవాటిలో ఈ రెండూ ఉన్నాయని 1859లో ఆయనే చెప్పుకున్నాడు.

అదే ట్రియర్‌లో లుడ్విగ్ గాల్ అనే తొలితరం సోషలిస్టు మరో దారి చూపాడు. ఎండ చాలక ద్రాక్ష పండని ఏడు, రసంలో చక్కెర నీళ్లు కలిపి పులియబెట్టమన్నాడు. 1850లలో ఈ పద్ధతి పేదరైతును కొంత ఒడ్డున పడేసింది. తర్వాత వ్యాపారుల చేతికి చిక్కి కల్తీకి మారుపేరయింది. 1910లో చక్కెర కలపని వైను వేలం వేసేవాళ్లు సంఘం పెట్టుకున్నారు. అందులో ముఖ్యులు మంచి వాలులున్న పెద్ద తోటల యజమానులు. పండని ఏడాదిని భరించగలవాడికే స్వచ్ఛత సాధ్యమయింది. 1971 చట్టం వైను సీసా మీద ఆ సహజమనే మాటనే తీసేసింది.

ఇప్పుడు మన వైపు చూడండి. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కల్లును ఖజానా వస్తువు చేసింది. చెట్టు చెట్టుకూ సర్కారు పన్ను, పొలం ఆసామికి అద్దె, వేలంలో దుకాణం పాడుకున్నవాడి లాభం – ఈ మూడూ ఒకే లొట్టిలోంచి రావాలి. అడవిలో పశువు మేస్తే పుల్లరి అడిగిన ప్రభుత్వమే తాడిచెట్టుకూ లెక్క కట్టింది. పుల్లరికి ఎదురు తిరిగిన మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలైతే పల్నాడు పాటలు కట్టుకుంది. చెట్టు పన్ను మీద మాత్రం నాకు పాట వినపడలేదు.

ఆ తర్వాత మద్యనిషేధం. 1937లో సేలంలో మొదలై, మరుసటి ఏడు చిత్తూరు, కడపలకు పాకి, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. తాగేవాడు మానాడో లేదో గాని, గీసేవాడు రాత్రికి రాత్రి నేరస్థుడయ్యాడు. గౌతు లచ్చన్న నాయకత్వాన గీత సత్యాగ్రహం జరిగింది. నిషేధం ఎత్తివేయమన్న రామమూర్తి కమిటీ సిఫార్సును అమలు చెయ్యలేదన్న వివాదం మీదనే 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రపు తొలి ప్రభుత్వాన్ని దించిన సమస్య మన నవలలకు ఎందుకు వస్తువు కాలేదో సాహిత్య విద్యార్థులు ఆలోచించాలి.

ఇదంతా తాగుడును వెనకేసుకు రావడం కాదు. కల్లు తాగినవాడూ పెళ్లాన్ని కొడతాడు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకుని 1992లో రాష్ట్రమంతా అంటుకున్న స్త్రీల ఉద్యమం న్యాయమైనది. అది బట్టీలో కాచిన సారా మీద, దాన్ని వేలం వేసి ఊళ్ల మీదికి తోలిన ప్రభుత్వం మీద జరిగిన పోరు. సారానూ కల్లునూ ఒకే గాట కట్టి రాసే రచయితలకు ఈ తేడా పట్టదు.

కల్తీ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. నగరానికి కావలసినంత కల్లు ఇవ్వడానికి చెట్లు లేవు. ఉన్న కల్లు ప్రయాణానికి ఆగదు. దుకాణాల సంఖ్య మాత్రం తగ్గదు. ఆ లోటును క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రజోలాం పూడుస్తున్నాయి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా చెడ్డపేరు వృత్తి మొత్తానికి చుట్టుకుంటుంది. మత్తుమందు కలిసేది తాటి మొవ్వులో కాదు, చెట్టుకూ గిరాకీకీ మధ్య నిలబడ్డ వ్యాపారంలో. గీసేవాడికే చెట్టు అన్న డిమాండు సహకార సంఘాల రూపంలో కొంత నెరవేరింది. కానీ చెట్టు ఉన్న నేల ఇంకొకరిది. ఇటుక బట్టీకి తాళ్లు అమ్ముకునే ఆసామిని ఆపే హక్కు, పదిహేనేళ్లు ఆ చెట్టెక్కి దిగినవాడికి ఈనాటికీ లేదు.