కదిలితే కరెంటు: బ్యాటరీ లేని సెన్సర్లు ఎలా పనిచేస్తాయి?

నడిచినా, వంగినా, ఊపిరి పీల్చినా మన కదలికను కరెంటుగా మార్చే మెత్తటి పదార్థాలు ఉన్నాయి. బట్టలోనో, చెప్పులోనో వీటిని పెట్టి చేసేవే స్వయంశక్తి సెన్సర్లు. ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది పీజో పద్ధతి. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌లో జాక్, పియరీ క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు. కానీ స్ఫటికం పెళుసు, ఒంటి మీద నిలవదు. 1969లో జపాన్‌కు చెందిన హెయిజి కవాయి పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ ఫిల్మ్‌లో ఈ గుణం బలంగా ఉందని చూపారు. ఫిల్మ్ అయితే వంగుతుంది.

రెండోది రాపిడి. పొడి జుట్టు దువ్విన ప్లాస్టిక్ దువ్వెనకు కాగితం ముక్కలు ఎగిరి అతుక్కుంటాయి కదా, అదే. రెండు వేర్వేరు పొరలు తాకి విడిపోతే ఒకటి ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఇంకోటి లాక్కుంటుంది. ఇలా కరెంటు తీసే పరికరాన్ని 2012లో అమెరికాలోని జార్జియా టెక్‌లో జాంగ్ లిన్ వాంగ్ బృందం చేసింది.

బుక్కపట్నం వాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఇక్కడుంది. ఎలక్ట్రాన్లు సులువుగా వదిలేవాటిలో పట్టు ఒకటి. టెఫ్లాన్, సిలికాన్ రబ్బరు లాక్కునే రకం. అంటే మన పక్కన ధర్మవరం మగ్గాల మీదున్న పట్టుపోగు ఈ పనికి పనికొచ్చే సరుకే. దానిలో కొంత పీజో గుణం కూడా ఉందని 1950లలోనే జపాన్ శాస్త్రవేత్త ఎయిచి ఫుకాడా చూపారు. అలాగని పట్టుచీర కడితే ఫోన్ చార్జ్ అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇలా పుట్టేది మైక్రోవాట్లు, మహా అయితే మిల్లీవాట్లు. మామూలు ఫోన్ చార్జరే 5 వాట్లు, అంటే 5000 మిల్లీవాట్లు.

మరి ఉపయోగం? మా అమ్మీకి షుగర్. అరికాళ్లకు స్పర్శ తగ్గింది, చెప్పులో రాయి ఉన్నా తెలియదు. ఇలాంటివాళ్ల చెప్పు లోపలి అట్టలో ఈ ఫిల్మ్ పెడితే, అడుగు వేసినప్పుడల్లా పుట్టే కరెంటే పాదంలో ఎక్కడ ఒత్తిడి పడుతోందో చెబుతుంది. ఆ కబురు ఫోన్‌కు పంపడానికి మాత్రం ఇంకాస్త ఎక్కువ శక్తి కావాలి. కాబట్టి కెపాసిటర్‌లో పోగుచేసి ఆగి ఆగి పంపాలి, లేదా చిన్న బ్యాటరీ పెట్టాలి.

అసలు చిక్కు వేరే. ఒత్తిడి మారినప్పుడే సిగ్నల్ వస్తుంది. పొయ్యి దగ్గర గంటసేపు కదలకుండా నిలబడితే సిగ్నల్ ఆగిపోతుంది, అరికాలి మీద బరువు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని పట్టాలంటే బయటి కరెంటుతో నడిచే వేరే రకం సెన్సర్ కూడా కావాలి. చెమట ఇంకో తలనొప్పి. తడి తగిలితే రాపిడితో పుట్టిన ఆవేశం కారిపోతుంది, అందుకే పొరలను గాలి చొరకుండా మూసేస్తారు.

ప్రస్తుతానికి అమ్మీ రోజూ రాత్రి కింద అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకుంటోంది.