మౌలాలి గుట్ట కింద యాత్రికుల సరాయి

హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్‌కు పొరుగునే ఉన్న మౌలాలి గుట్ట నున్నటి గ్రానైటు బోడగుండు. కుతుబ్ షాహీల కాలం నుంచీ దానికి యాత్రికులు వస్తూనే ఉన్నారు. ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని యాకూత్ అనే ఖోజాకు 1578లో హజ్రత్ అలీ కలలో కనిపించాడని, తెల్లవారి వెళ్లి చూస్తే బండమీద ఆయన చేతి గుర్తు ఉందని స్థలపురాణం. రజబ్ నెల 17న జరిగే ఉర్సు అలా మొదలైంది.

అసఫ్ జాహీల ఏలుబడిలో అది నగరమంతా కదిలివచ్చే జాతరైంది. హిందువులూ ముస్లింలూ కలిసే వచ్చేవారు. ప్రభువులు ఏనుగుల మీద వచ్చి సొంత తోటల్లోనో డేరాల్లోనో దిగేవారు. మరి ఎడ్లబండి మీద, కాలినడకన వచ్చినవాళ్లు రాత్రి ఎక్కడ తలవాల్చాలి?

ఆ సంగతి పట్టించుకున్న మనిషి కవయిత్రి, నర్తకి మహలఖా బాయి చందా (1768–1824). ఆమె తల్లి రాజ్ కున్వర్ గర్భంతో ఈ గుట్టకు వచ్చినప్పుడు కడుపు నిలవదేమోనన్న భయం పుట్టిందని, మౌలా అలీ దయతోనే బిడ్డ దక్కిందని ఆ ఇంటివాళ్ల నమ్మకం. ఆ బిడ్డే చందా. 1792లో గుట్ట పాదాన తల్లికి సమాధి కట్టించింది. చుట్టూ ప్రహరీ, నాలుగు భాగాల చార్‌బాగ్ తోట, మసీదు, మెట్లబావి, యాత్రికులకు సరాయి. తర్వాత తానూ తల్లి పక్కనే ఒరిగింది.

సరాయి కట్టడానికి దక్కనులో అప్పటికే ఒక తీరు స్థిరపడి ఉంది. గోల్కొండకు పడమటి దారిలోని షేక్‌పేట సరాయిలో అది ఇప్పటికీ కనిపిస్తుంది: రెండంతస్తులు, దాదాపు 30 గదులు, గుర్రాలకూ ఒంటెలకూ శాలలు, దగ్గర్లోనే మసీదు. మచిలీపట్నం దారిలోని హయత్‌నగర్‌లోనైతే మసీదు ముంగిలి చుట్టూ కమానుల గదులు బారులు తీరాయి, పక్కన హాథీ బావి ఉంది. రాతి గోడ, గచ్చు పూత, చల్లగా ఉండే లోతైన కమాను గది. రాత్రి వాకిలి మూస్తే మనుషులకూ సరుకుకూ పశువులకూ రక్షణ.

అయితే అవి వర్తకుల బాటల మీది సరాయిలు, ఏడాది పొడవునా బేరసారాలతో నడిచేవి. మౌలాలిది భక్తుల మజిలీ, ఉర్సు రోజుల్లోనే కిటకిటలాడేది. వందలాది మెట్లు ఎక్కి దిగినవాడికి ముందు కావలసింది నీళ్లూ నీడా. అందుకే ఇక్కడి కట్టడాలన్నిటిలో ఆ మెట్లబావికే పెద్దపీట వేయాలి.

మహలఖాను ఉర్దూలో తొలినాళ్లలోనే దివాన్ (కవితా సంపుటి) కూర్చిన కవయిత్రిగా, నర్తకిగా లోకం గుర్తుంచుకుంది. బాటసారులకు నీడనిచ్చిన నిర్మాతగా మాత్రం తగినంతగా తలచుకోలేదు. రైలూ బస్సూ వచ్చాక ఉర్సుకు వెళ్లి అదే రోజు ఇల్లు చేరడం సాధ్యమైంది, రాత్రి మజిలీ అవసరం తీరిపోయింది. పాడుబడ్డ తోటనూ సమాధినీ 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేశారు.