హౌసింగ్ బోర్డు, హైదరాబాద్

హైదరాబాద్ నగరంలో తక్కువ ఆదాయం, మధ్యాదాయం ఉన్న కుటుంబాలకు ఇళ్లు, ఫ్లాట్లు, ఇంటి స్థలాలు సమకూర్చిన ప్రభుత్వ సంస్థ. చాలాకాలం ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డుగా ఉండి, 2014 రాష్ట్ర విభజన తర్వాత ఇక్కడ తెలంగాణ హౌసింగ్ బోర్డు అయింది. ప్రధాన కార్యాలయం నాంపల్లి గృహకల్ప. బేగంపేట, అమీర్‌పేట ప్రాంతంలో దీని ముద్ర సంజీవరెడ్డి నగర్ (ఎస్.ఆర్. నగర్), వెంగళరావు నగర్ వీధుల్లో కనిపిస్తుంది. అమీర్‌పేటలోని మైత్రీవనం, స్వర్ణజయంతి కాంప్లెక్సులను కొందరు బోర్డు ఖాతాలో వేస్తుంటారు. అవి నగరాభివృద్ధి సంస్థ హుడా కట్టినవి.

పుట్టుక

బోర్డుకు మూలం నిజాం కాలపు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద, ఆ వెనకే వచ్చిన ప్లేగు కలిసి ఇరుకు బస్తీల సంగతి తేల్చక తప్పని పరిస్థితి తెచ్చాయి. సంస్థ ఏర్పడిన సంవత్సరాన్ని 1911 అని, 1912 అని, 1914 అని రకరకాలుగా రాశారు. ఉత్తర్వుకూ, పనులు మొదలవడానికీ మధ్య ఎడం ఉండటమే ఈ తేడాకు కారణం కావచ్చు. ఎక్కువ రచనల్లో కనిపించే 1912నే ఇక్కడ తీసుకున్నాం. తర్వాత ఏడో నిజాం రెండో కుమారుడు మొజంజాహ్ దీనికి అధ్యక్షుడిగా ఉన్నాడు. మొజంజాహీ మార్కెట్, పత్తర్‌గట్టీ దుకాణాల వరస ఈ సంస్థ పనులుగా ప్రసిద్ధి. కానీ బస్తీలు తీసేసిన చోట అద్దె ఇళ్లు కట్టడమే దాని అసలు ఘనత. నాంపల్లి, మల్లేపల్లి వైపు అలాంటి వరస ఇళ్లు లేచాయి.

హైదరాబాద్ రాష్ట్రం ఆంధ్రతో కలవబోయే ముందు, 1956లో, హౌసింగ్ బోర్డు చట్టం వచ్చింది. పాత సంస్థ బాధ్యతలు బోర్డు కిందికి చేరి నేటి రూపం కుదిరింది 1960లో అని సాధారణంగా చెబుతారు.

అక్షరాల ఇళ్లు

సనత్‌నగర్ పారిశ్రామికవాడ పక్కనే ఉన్న సంజీవరెడ్డి నగర్‌కు ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి పేరు పెట్టారు. జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నది 1973 నుంచి 1978 వరకు; వెంగళరావు నగర్‌కు ఆయన పేరే. బోర్డు కాలనీల్లో ఇంటి నంబరుకు ముందు ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి., ఇ.డబ్ల్యు.ఎస్. అన్న పొడి అక్షరాలు నేటికీ ఉత్తరాల మీద, గేట్ల మీద ఉంటాయి. అల్పాదాయ, మధ్యాదాయ, అధికాదాయ, ఆర్థికంగా బలహీన వర్గాలని వాటి అర్థం. కేంద్ర సంస్థ హడ్కో 1970లో ఏర్పడ్డాక అప్పులు ఈ తరగతుల లెక్కనే ఇచ్చింది గనుక, అవి బోర్డు పనితీరులో గట్టిగా పాతుకున్నాయి.

ఇళ్లను ఎక్కువగా హైర్ పర్చేజ్ పద్ధతిలో ఇచ్చేవారు. ముందు కొంత కట్టి, నెలవారీ కిస్తులు తీర్చాకే సేల్ డీడ్ చేతికొచ్చేది. గుమాస్తాలకూ, చిన్న ఉద్యోగులకూ నగరంలో సొంతిల్లు అందుబాటులోకి తెచ్చింది ఈ కిస్తులే. ఈ వ్యాసకర్త దృష్టిలో బోర్డు చరిత్రలో ఇంతకు మించిన మేలు లేదు. తర్వాత ఆ ఇళ్లు చాలావరకు ఆనవాలు పట్టలేనంతగా మారాయి. ముందుగది దుకాణమైంది, పెరడు గది అయింది, పైన రెండు మూడు అంతస్తులు లేచాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు పెరిగాక ఎస్.ఆర్. నగర్ సందుల్లో హాస్టల్ బోర్డులు వరసకట్టాయి. గేటు మీద మాత్రం పాత అక్షరాలే.

కూకట్‌పల్లి

1970ల చివర మొదలై ఫేజుల వారీగా విస్తరించిన కె.పి.హెచ్.బి. (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు) కాలనీ బోర్డు పనులన్నిటిలో పెద్దది. ఆసియాలోకెల్లా పెద్ద కాలనీ అన్న మాట తరచూ వినిపిస్తుంది. అయితే అలా అనేవారు కొలత ఏదీ చూపరు కాబట్టి దాన్ని ప్రచారంగానే ఎంచాలి. ఊరికి దూరమని జనం వెనకాడిన చోటు అది. 2017 నవంబరులో మెట్రో వచ్చేనాటికి బోర్డు పేరే స్టేషన్ పేరైంది.

తర్వాతి దశ

బడుగు వర్గాల ఇళ్ల పని 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థకు, మధ్యతరగతి పని కొంత 2007 నాటి రాజీవ్ స్వగృహకు పోయాయి. ఈ మూడింటినీ ఒకటిగా కలిపి చెప్పడం సరికాదు. 2000ల నుంచి బోర్డు ప్రైవేటు భాగస్వామ్యం వైపు మళ్లింది. మలేషియా సంస్థ ఐ.జె.ఎం.తో కలిసి కూకట్‌పల్లిలో కట్టిన రెయిన్‌ట్రీ పార్కు వీటిలో పేరున్నది. అది ఎల్.ఐ.జి. కుటుంబాలు కొనగలిగేది కాదు. తెలంగాణ వచ్చాక 2023 వరకు ప్రభుత్వ గృహ పథకాల్లో రెండు పడకగదుల ఇళ్లకే ముఖ్యస్థానం ఉండేది. మిగిలిన స్థలాల వేలం బోర్డుకు రాబడి తెచ్చింది: 2025లో కె.పి.హెచ్.బి.లోని సుమారు 7.8 ఎకరాలను గోద్రెజ్ ప్రాపర్టీస్ ఎకరం రూ.70 కోట్ల చొప్పున పాడుకుంది.