ఆరేళ్ల విస్కీని ఆరు రోజుల్లో చేయొచ్చా?

ఈ ఎపిసోడ్ ఎవర్నీ తాగమని చెప్పడానికి కాదు, ముందే చెప్పేస్తున్నా. టాపిక్ బోర్బన్, అంటే అమెరికా వాళ్ల మొక్కజొన్న విస్కీ. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి మాగే సరుకు ఇది. ఆ రుచిని రోజుల్లోనే తెప్పిస్తామని కొన్ని కంపెనీలు అంటున్నాయి. ఈ ఆశ కొత్తదేం కాదు.

1800ల్లో అక్కడ రెక్టిఫయర్లు అనే వ్యాపారులు ఉండేవాళ్లు. వాళ్లలో చాలామంది ఏ రుచీ లేని స్పిరిట్ కొని, మాడ్చిన చక్కెరతో రంగు తెచ్చి, ప్రూన్ రసం కలిపి, పాత విస్కీ అని అమ్మేసేవాళ్లు. సీసా చూసి కనిపెట్టే దారే లేదు. కెంటకీలో నిజంగా ఏళ్లు ఆగి అమ్మే ఇ.హెచ్. టేలర్ లాంటివాళ్లకి ఒళ్లు మండింది. వాళ్లు పట్టుబడితే 1897లో బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం వచ్చింది. ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్ సరుకు, ప్రభుత్వ నిఘా ఉన్న గోదాంలో కనీసం 4 ఏళ్లు, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్. ఇవన్నీ ఉంటేనే ఆ ముద్ర.

అలాగని పాతకాలం వాళ్లు తొందరే పడలేదా అంటే, పడ్డారు. ఒకప్పుడు టేలర్ నడిపిన డిస్టిలరీయే ఇప్పటి బఫెలో ట్రేస్. అక్కడి గోదాముల్లో 1886లోనే ఆవిరితో వేడి పెట్టారు, చలికాలంలో కూడా పీపాలు పని చేయాలని!

పీపా చేసే పని ఏంటి? వేడికి విస్కీ చెక్కలోకి దిగుతుంది, చలికి బయటికొస్తుంది. వస్తూ రంగు, వెనిలా వాసన, కారమెల్ లాంటి తీపి పట్టుకొస్తుంది. ఇంకోపక్క చెక్క సందుల్లోంచి గాలి మెల్లగా లోపలికెళ్లి స్పిరిట్ ఘాటుని తగ్గిస్తుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో మొదటిది పారలల్‌గా నడిపించొచ్చు. రెండోది అలా కుదరదు, దాని టైమ్ దానికి కావాల్సిందే.

క్లీవ్‌లాండ్ విస్కీ అనే కంపెనీ స్టీల్ ట్యాంకులో చెక్క ముక్కలేసి ప్రెషర్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. కాలిఫోర్నియాలో మొదలైన లాస్ట్ స్పిరిట్స్ వాళ్లు వేడి, గట్టి వెలుతురు పద్ధతి వాడారు. బఫెలో ట్రేస్ కూడా 2006లో 5, 10, 15 గ్యాలన్ల బుల్లి పీపాలు నింపి చూసింది, మామూలు పీపా 53 గ్యాలన్లు. చెక్క రుచి బాగా దిగింది, లోతు మాత్రం రాలేదు. ఫెయిలైందని 2012లో వాళ్లే చెప్పేశారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

డల్లాస్‌లో ఫ్రెండ్ వాళ్లింట్లో పేర్లు కనపడకుండా రెండు గ్లాసులు పోయించుకున్నా. ఒకటి స్పీడ్ బోర్బన్, రెండోది 6 ఏళ్లది. వాసనలో స్పీడ్‌దే పైచేయి, వెనిలా గుప్పుమంది. రంగు కూడా చిక్కన. మింగాక మాత్రం పెన్సిల్ చెక్కిన పొట్టు లాంటి పచ్చి చెక్క రుచి, గొంతులో మంట, అంతే, అయిపోయింది. ఆరేళ్లది నోట్లో చాలాసేపు మారుతూనే ఉంది. కోలా కలిపితే తేడా తెలీదు లెండి, అదీ ట్రై చేశాం.

మరి ఇది మోసమా? కాదు. బోర్బన్‌కి కనీస వయసంటూ చట్టంలో లేదు. స్ట్రెయిట్ అని రాయాలంటేనే 2 ఏళ్లు కావాలి. 4 ఏళ్ల లోపుదైతే వయసు లేబుల్ మీద వేయాలి. మా సీసాకీ వేశారు, వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాల్లో. ముందు వేసి, ఆరేళ్లదాని రేటులో సగానికిస్తే కోలా కోసం కొంటా.