సైకిలు ఎంత దూరం, తెర ఎంత దూరం

పోయిన నెల టీవీ కొందామని షాపుకెళ్తే అక్కడి కుర్రాడు ముందు ధర చెప్పలేదు. "మీ సోఫాకీ గోడకీ మధ్య ఎంత దూరం ఉంటుందన్నా?" అని అడిగాడు. పదడుగులు ఉండొచ్చన్నాను. "అయితే 43 అంగుళాలది తీసుకుంటే మీకు హెచ్‌డీ ఉన్నా లేనట్టే" అన్నాడు. పెద్దది అంటగట్టడానికి చెప్తున్నాడనుకున్నాను. ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే అతని మాటే నిజమని తేలింది. ఆ లెక్క చివర్లో చెప్తాను. దానికంటే ముందు 'హై డెఫినిషన్' అన్న మాట కథ చూడాలి. అది మనం అనుకున్నంత కొత్త మాటేం కాదు. 1936లోనే లండన్‌లో ఆ పేరుతో ప్రసారాలు మొదలయ్యాయి.

అదే 1936లో, సముద్రానికి అవతలి ఒడ్డున ఫ్రాన్స్‌లో, ఫ్యాక్టరీ కార్మికులు జీతం పోకుండా సెలవు తీసుకుని సైకిళ్ల మీద ఊళ్లు చూడ్డానికి బయల్దేరారు. ఈ రెండు సంగతులకీ అప్పట్లో ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. కానీ రెండిటి వెనకా ఉన్న కోరిక ఒకటే. దూరంగా ఉన్నదాన్ని బాగా చూడాలి. ఒకరు దాని దగ్గరికి వెళ్లారు. ఇంకొకరు దాన్ని ఇంటికి రప్పించుకోవాలనుకున్నారు.

ముందు వెళ్లినవాళ్ల సంగతి. ఆ ఏడాది మేలో ఫ్రాన్స్‌లో వామపక్షాల కూటమి పాప్యులర్ ఫ్రంట్ ఎన్నికల్లో గెలిచింది. కొత్త ప్రధాని లియోన్ బ్లుమ్ పదవిలోకి వచ్చేసరికే దేశమంతా సమ్మెలు. కార్మికులు ఫ్యాక్టరీల్లోనే పడుకుని, అక్కడే వండుకుని, అకార్డియన్ వాయించుకుంటూ కూర్చున్నారు. జూన్ 20న చట్టం వచ్చింది. ఏడాది పనిచేసినవాళ్లందరికీ రెండు వారాల సెలవు, జీతంతో సహా.

సెలవైతే వచ్చింది. దాంతో ఏం చెయ్యాలో చాలామందికి తెలియదు. సెలవంటే అప్పటిదాకా జబ్బు చేసిన రోజో, పని దొరకని రోజో. రెండూ కడుపు కాలే రోజులే. క్రీడలు, తీరిక వ్యవహారాలు చూసే లియో లగ్రాంజ్ రైలు టికెట్ల మీద 40 శాతం తగ్గింపు ఇప్పించాడు. వెక్కిరించే పత్రికలు ఆయనకి 'సోమరితనం మంత్రి' అని పేరు పెట్టాయి. ఎక్కువమంది చుట్టాల ఊరికే వెళ్లారు, కొందరు ఇల్లు కదల్లేదు. కుర్రకారు మాత్రం రోజూ ఫ్యాక్టరీకి తొక్కే సైకిలుకే గుడారం గుడ్డ కట్టుకుని సముద్రం దారి పట్టారు. కొత్తగా పెళ్లైనవాళ్లు ముందొకరు వెనకొకరు కూర్చుని తొక్కే టాండెమ్‌లు ఎక్కారు. ఆ ఎండాకాలం ఫొటోలు చూడండి, ఏదో ఒకదాంట్లో టాండెమ్ కనిపిస్తుంది.

సైకిలు మీద సెలవుకి వెళ్లడం అంతకుముందు లేదని కాదు. సాంతెతియెన్ పట్నంలో వెలోసియో అనే కలం పేరుతో పత్రిక నడిపిన పాల్ ద వివీ దానికి గురువులాంటివాడు. కొండలెక్కాలంటే ఒక్క గేరు చాలదు, మూడో నాలుగో కావాలని ఏళ్ల తరబడి వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పోటీ పెట్టిన ఆన్రి దెగ్రాంజ్‌కి ఇది నచ్చేది కాదు. గేర్లు నలభై అయిదు దాటినవాళ్లకి పనికొస్తాయిలే అని ఎగతాళి చేశాడు. టూర్‌లో గేరు మార్చే డిరైలర్‌ని 1937లో గాని ఒప్పుకోలేదు. అప్పటికి సరదాకి తొక్కేవాళ్లు దాన్ని ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. వీరుడికి కష్టం కనిపించాలి. సెలవు మీద వెళ్లేవాడికి కొండ అవతల ఏముందో కనిపించాలి. ఇద్దరి అవసరాలూ వేరు.

ఇక లండన్. 1936 నవంబర్ 2న అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ టెలివిజన్ మొదలైంది. టీవీ బొమ్మంటే ఒకదాని కింద ఒకటి గీసిన అడ్డగీతలు. గీతలు ఎక్కువైతే బొమ్మ అంత తేటగా ఉంటుంది. జాన్ లోగీ బెయిర్డ్ అంతకుముందు చూపించిన బొమ్మలో గీతలు 30. మొహం ఎవరిదో పోల్చుకోవచ్చు, అంతే. 1935లో బ్రిటిష్ ప్రభుత్వ కమిటీ ఒకటి కనీసం 240 గీతలుంటేనే హై డెఫినిషన్ అని తేల్చింది. ఆ ప్రకారం రెండు పద్ధతుల్ని వారం మార్చి వారం నడిపారు. బెయిర్డ్‌ది 240 గీతలు. అందులో ఒక పద్ధతైతే మరీ విచిత్రం. కెమెరా ముందు ఫిల్ము మీద తీస్తుంది, పక్కనే ఉన్న తొట్టెలో ఆ ఫిల్ముని నిమిషం లోపే కడిగి, తడి ఆరకుండానే ప్రసారం చేస్తారు. తొట్టెతో ముడిపడ్డ కెమెరా అటూ ఇటూ కదల్లేదు. మార్కోనీ-ఈఎమ్ఐ వాళ్లది 405 గీతలు, పూర్తిగా ఎలక్ట్రానిక్. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు గీసి కళ్లకి మినుకు తెలియకుండా చేసేది. మూడు నెలలు తిరక్కుండానే బెయిర్డ్ పద్ధతిని ఆపేశారు. ఈ 405 గీతల హై డెఫినిషన్‌ని చూసినవాళ్లు లండన్ చుట్టుపక్కల కొద్దిమందే. ఒక్కో సెట్టు ధర వంద పౌండ్ల చుట్టూ ఉండేది, అంటే అప్పట్లో ఓ చిన్న కారు ధర.

తర్వాత యుద్ధం వచ్చింది. 1939 సెప్టెంబర్ 1న బీబీసీ టీవీ మూగబోయింది. ఫ్రాన్స్ 1940లో ఓడిపోయింది. ఓటమికి కారణం ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు కొత్త పాలకులు వేలు చూపించింది ఆ రెండు వారాల సెలవు వైపు. జనం సుఖం మరిగి మెత్తబడ్డారన్నారు. 1942లో రియోమ్ పట్నంలో బ్లుమ్‌ని బోనెక్కించారు. ఆయన తగ్గలేదు. తన ఆఫీసు గడప దాటింది తక్కువేననీ, దాటినప్పుడల్లా పారిస్ శివార్ల రోడ్ల మీద ఒకే రంగు స్వెటర్లేసుకుని టాండెమ్ తొక్కుతూ పోతున్న కార్మిక జంటలు కనిపించేవారనీ, ఆ చీకటి బతుకుల్లోకి కాస్త వెలుగు తెచ్చాననే అనుకుంటాననీ కోర్టులో చెప్పాడు. విచారణ ఎదురుతిరుగుతుండటంతో తీర్పు లేకుండానే మధ్యలో ఆపేశారు. 'సోమరితనం మంత్రి' లగ్రాంజ్ అప్పటికే లేడు. 1940 జూన్‌లో యుద్ధరంగంలో చనిపోయాడు.

సైకిలూ తెరా ఒకచోట కలిసింది యుద్ధం తర్వాతే. 1948 జులై 25న టూర్ ద ఫ్రాన్స్ ఆఖరి ఘట్టాన్ని పారిస్‌లోని పార్క్ దె ప్రాన్స్ మైదానం నుంచి ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. గెలిచింది ఇటలీ రౌతు జినో బార్తాలి. చూపించింది మైదానం వరకే. కొండల మీది నుంచి ప్రత్యక్ష ప్రసారానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆ నవంబర్‌లోనే సమాచార శాఖ చూస్తున్న ఫ్రాన్స్వా మిత్తెరాండ్, అవును, తర్వాత అధ్యక్షుడైనాయనే, ఫ్రాన్స్ టీవీకి 819 గీతలుండాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఆన్రి ద ఫ్రాన్స్ అనే ఇంజనీరు రూపొందించిన పద్ధతి అది. ప్రపంచంలో ఇంకెవరికీ అంత తేట బొమ్మ లేదు. కానీ దాన్ని మోసే తరంగాలకి గాల్లో దాదాపు రెట్టింపు చోటు కావాలి. పక్క దేశాలు చాలావరకు 625 దగ్గర ఆగాయి. చివరికి ఫ్రాన్స్ కూడా 1964లో రెండో ఛానెల్‌ని 625తోనే మొదలుపెట్టింది. 819 గీతలు 1980లలో మెల్లగా కనుమరుగయ్యాయి. మన దూరదర్శన్ కూడా అప్పట్లో 625 గీతలదే.

30, 240, 405, 819. ప్రతిసారీ 'ఇదే అసలైన తేట' అన్నారు. ఈ లెక్కల పరుగులో ఎవరూ గట్టిగా అడగని ప్రశ్నని 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అడిగింది. చూసేవాడు ఎక్కడ కూర్చున్నాడు? మామూలు కంటికి ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కంటే చిన్న తేడా తెలియదు. కాబట్టి ఎన్ని గీతలు కావాలన్నది దూరాన్ని బట్టి ఉంటుంది. తెర ఎత్తుకి మూడింతల దూరంలో కూర్చుంటే అక్కడే ఉన్నట్టు అనిపిస్తుందనీ, ఆ దూరానికి వెయ్యికి పైగా గీతలు కావాలనీ తేల్చి 1125కి చేరారు. తర్వాత డిజిటల్‌గా స్థిరపడినప్పుడు అందులో కంటికి కనపడేవి 1080. మనం హెచ్‌డీ అనేది దీన్నే. అంటే అదే చోట కూర్చుంటే బొమ్మ బాగుపడటం కాదు దీని ఉద్దేశం. బొమ్మ చెదరకుండా నువ్వు దగ్గరికి జరగొచ్చు.

ఇప్పుడు షాపు లెక్క. 43 అంగుళాల టీవీ ఎత్తు దాదాపు 54 సెంటీమీటర్లు. దానికి మూడింతలంటే అయిదడుగుల పైచిలుకు. నేను కూర్చునేది పదడుగుల్లో. అంత దూరం నుంచి నా కన్ను విడదీయగలిగేది సుమారు 600 గీతల్నే. అంటే డబ్బులు 1080కి కట్టి, చూసేది మా నాన్న చూసిన దూరదర్శన్ గీతల్నే.

ఇప్పుడు జులై వస్తే టూర్‌ని హెలికాప్టర్ నుంచి హెచ్‌డీలో చూపిస్తారు. కోటలు, ద్రాక్షతోటలు, పొద్దుతిరుగుడు చేలు. పోటీ ఎవరు గెలిచారో పట్టించుకోకుండా ఆ ఊళ్ల కోసమే చూసేవాళ్లు బోలెడుమంది. అక్కడికి పోలేనివాళ్లకి అది నిజంగానే ఓ సెలవు, దాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు. ఒక్కటి మాత్రం ఎన్ని గీతలు పెంచినా తెర మీద సరిగ్గా తెలియదు. ఏటవాలు. ఊపిరాడనివ్వని కొండ కూడా టీవీలో చదునుగానే ఉంటుంది. అది తెలియాలంటే తొడలు మండాలి. వెలోసియో మూడు గేర్లు అడిగింది ఆ మంట తెలిసే.

నేను 43 అంగుళాలదే కొన్నాను. సోఫాని గోడ వైపు అయిదడుగులు జరిపాను. వెనక మిగిలిన చోట సైకిలు పెట్టాను.